కోనకా, కొండకా? నెల్లూరు, ప్రకాశం పడమటి గుళ్లలో ఏది ఎంచుకోవాలి

నెల్లూరు నుంచైనా, ఒంగోలు నుంచైనా పడమటి దోవ పట్టి రెండు మూడు గంటలు పోతే వెలిగొండలో, నల్లమల అంచో ఎదురొస్తుంది. ఆ కొండల మొదట్లో చూడదగ్గ పాత గుళ్లు చాలా ఉన్నాయి. కొండరాయిని తొలిచి చేసినవి కొన్ని, రాతినే స్వామిగా కొలిచేవి కొన్ని. వాటిలో ముఖ్యమైనవి మాలకొండ, భైరవకోన, పెంచలకోన, ఉదయగిరి. మ్యాపులో పక్కపక్కన కనిపిస్తున్నాయి కదా అని చాలామంది నాలుగింటినీ ఒక్క రోజులో చుట్టేద్దామని బయలుదేరతారు. కానీ ఒక గుడి వారానికి ఒక్కరోజే తెరుస్తారు. ఇంకోచోట పొద్దుటి వెలుతురు దాటితే శిల్పం సరిగ్గా కనపడదు. మరోచోట ఎండ ముదిరితే కొండ ఎక్కలేరు. కాబట్టి మీకు సెలవు దొరికింది ఏ వారమో ముందు చూసుకోండి, ఏ ఊరన్నది తర్వాత.

జిల్లాల గురించి ఒక మాట. 2022 నుంచి ఇక్కడ సరిహద్దులు మారుతూ వచ్చాయి. కందుకూరు వైపు, కనిగిరి వైపు ఊళ్లకు బోర్డుల మీద ఒక జిల్లా పేరు, పాత కాగితాల్లో ఇంకో జిల్లా పేరు కనిపిస్తుంది. ఇక్కడ రాసిందంతా ఉమ్మడి నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం లెక్క. దారి అడిగేటప్పుడు మండలం పేరు చెప్పండి, ఎవరూ పొరపాటు పడరు.

శనివారమైతే

వాలేటివారిపాలెం మండలంలోని మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు స్వామిని సేవిస్తారని నమ్మకం. ఈ సంగతి తెలియక ఆదివారం కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, కొండ కింద నుంచే దండం పెట్టుకుని తిరిగొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామిని చూడాలంటే వేరే దారి లేదు, శనివారమే పోవాలి.

రైల్లో వచ్చేవాళ్లకు ఇదే సులువు. విజయవాడ, చెన్నై లైనులో సింగరాయకొండ స్టేషన్లో దిగి కందుకూరు చేరితే అక్కడి నుంచి శనివారాలు మాలకొండకు బస్సులు దొరుకుతాయి. సింగరాయకొండలో వరాహ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. దాన్ని పొద్దున్నే చూసుకుని మాలకొండకు పోవడం మంచిది. సాయంత్రానికి వదిలేస్తే మాలకొండ రద్దీలో ఎంతసేపు పడుతుందో లెక్క తేలదు.

మాలకొండ మీద తప్పకుండా చూడవలసింది అమ్మవారి గుడికి వెళ్లే దారి. స్వామి దర్శనమయ్యాక ఇంకా పైకి పోవాలి. నిలువునా రెండుగా చీలిన బండ, ఆ చీలికలోంచే దారి. అమ్మవారికి తోవ ఇవ్వడానికే బండ చీలిందని స్థలపురాణం. ఎంత లావు మనిషైనా ఇందులోంచి వెళ్లగలడని అక్కడ అందరూ చెబుతారు. వెళ్లగలరు కూడా, కాకపోతే పక్కకు తిరిగి, భుజానున్న సంచి తీసి చేత్తో పట్టుకుని నడవాలి. వీపున సంచి వేసుకుని దూరినవాళ్లే మధ్యలో ఇరుక్కుని వెనక వరుసను ఆపేస్తారు. చిన్నపిల్లలను మీకు ముందు నడిపించండి, వెనక ఉంచుకుంటే వాళ్లకు చెయ్యి అందించేందుకు తిరగడానికి చోటుండదు. ఇరుకులో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు స్వామి దర్శనంతో ఆగిపోవడమే మేలు. అందులో తక్కువేమీ లేదు.

శనివారానికి ఇంకో దారి ఉంది, ఇది ప్రకాశం పడమటివాళ్లకు దగ్గర. రాచర్ల మండలం జేపీ చెరువు దగ్గర అడవిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి. ఇదీ శనివారమే. గిద్దలూరు స్టేషన్ గుంటూరు, నంద్యాల లైనులో ఉంది కాబట్టి రైల్లో వచ్చి ఆటో మాట్లాడుకోవచ్చు. గుడి పక్కనే గుండం, వానల తర్వాతైతే పైనుంచి నీళ్లు దూకుతుంటాయి. గుండంలో లోతు పైకి తెలియదు. ఈత వచ్చినా సరే, దిగకండి.

నెమలిగుండ్లకు పోయేవాళ్లు అదే మండలంలోని సత్యవోలును వదలకూడదు. రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి, అలంపురం గుళ్లకు చుట్టాలు. అలంపురం చూసినవాళ్లకు ఆ రేఖానాగర శిఖరం కనిపించగానే పోలిక పట్టుబడుతుంది. రద్దీ లేదు, దుకాణాల వరస లేదు. తమిళదేశపు పద్ధతిలో మెట్లుమెట్లుగా పోయే విమానాలకు అలవాటుపడిన కంటికి, అడుగు నుంచి కొస దాకా వంపు తిరిగిన ఈ శిఖరం కొత్తగా ఉంటుంది. శిల్పం మీద ప్రేమ ఉన్నవాళ్లను అడిగితే ఈ రెండు జిల్లాల్లో భైరవకోన తర్వాత పేరు సత్యవోలుదే. దీనికి రావలసినంత పేరు రాలేదన్నది మా బాధ.

అంటే శనివారం మొక్కు తీర్చుకోవాలంటే మాలకొండ. అడవి, పాత శిల్పం రెండూ కావాలంటే నెమలిగుండ్ల, సత్యవోలు. మాలకొండకు పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చు, ఘాట్ రోడ్డు ఉంది. నెమలిగుండ్లకు అడవి దారి కాబట్టి వానాకాలంలో ముందురోజు జేపీ చెరువులో దారి ఎలా ఉందో కనుక్కుని కదలండి.

ఒక్కటే చూడగలిగితే: భైరవకోన

వారంతో పని లేకుండా ఎప్పుడైనా పోదగ్గది, ఈ ప్రాంతంలో దీనికి సాటి లేదనదగ్గది భైరవకోన. సీఎస్ పురం మండలం అంబవరం కొత్తపల్లి దగ్గర, కొండరాతిలోనే తొలిచిన ఎనిమిది శివాలయాలు. ఏడు తూర్పును చూస్తాయి, ఒకటి ఉత్తరాన్ని. భైరవుడు క్షేత్రపాలకుడు. పక్కనే జలపాతం, దానికి దిగువన త్రిముఖ దుర్గాంబ.

ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది ఆ తూర్పు ముఖమే. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు ఎండ ఏటవాలుగా గుహల ముంగిట పడుతుంది. ద్వారపాలకుల భుజాలు, స్తంభాల అడుగున కూర్చున్న సింహాల జూలు, గూళ్లలోని వినాయకుడి బొజ్జ నీడ కట్టి లేచి నిలబడినట్టు కనిపిస్తాయి. పదకొండు దాటాక అదే రాయి చదునుగా, రంగు వెలిసిన గోడలా ఉంటుంది. మధ్యాహ్నం వచ్చినవాళ్లు 'ఇంతేనా' అని వెళ్లిపోవడానికి కారణం ఇది. ఆలస్యమైతే ఒక ఉపాయం ఉంది. టార్చి లైటును శిల్పానికి ఎదురుగా పట్టకుండా పక్క నుంచి, గోడకు దాదాపు ఆనించినట్టుగా పట్టండి. ఉబ్బెత్తు గీతలన్నీ నీడలతో బయటపడతాయి. సెల్‌ఫోన్ లైటు చాలు. గర్భగుడివైపు మాత్రం లైటు తిప్పవద్దు, పూజ జరిగే చోటు అది.

గుహలన్నీ ఒకేలా ఉన్నాయనుకుని మొదటి రెండు చూసి జలపాతానికి పరుగెత్తేవాళ్లు ఎక్కువ. నిదానంగా వరస వెంట నడవండి. కొన్ని గుహల్లో గర్భగుడి, దానికి అటూ ఇటూ ద్వారపాలకులు, అంతే. మరికొన్నింటికి ముందు సింహాల స్తంభాలతో మంటపం వచ్చి చేరుతుంది. మామల్లపురం చూసినవాళ్లకు ఆ సింహాలు ఎక్కడివో వెంటనే తడుతుంది, పల్లవుల పనితనం ఇక్కడిదాకా పాకింది. శశినాగలింగం, విశ్వేశ్వరలింగం, రామేశ్వరలింగం అంటూ ఒక్కో లింగానికి ఒక్కో పేరు. పూజారిని అడిగితే వరసగా చెబుతారు. మొత్తం సరిగ్గా చూడాలంటే గంటన్నర పట్టుకోండి, జలపాతానికి వేరే అరగంట.

ఎప్పుడు వెళ్లాలి? ఈ రెండు జిల్లాలకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. జలపాతం నిండుగా ఉండేది అప్పుడే. ఏప్రిల్, మేలో నీటి ధార చూద్దామని వస్తే తడిసిన బండ మాత్రమే మిగిలి ఉండవచ్చు. కార్తీక సోమవారాలు జనం విరగబడతారు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల దుర్గాంబ విగ్రహం మీద పడుతుంది, అది చూడటానికే వేలమంది వస్తారు. ఆ రాత్రికి వెళ్లేవాళ్లు శిల్పం చూసే ఆశ పెట్టుకోవద్దు, గుహల ముందు నిలబడే చోటుండదు. శిల్పం కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో మామూలు మంగళవారమో బుధవారమో చూసుకోండి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా పోవాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే ఏడుకల్లా ఉదయగిరి, టిఫిన్ చేసుకుని కదిలితే తొమ్మిది లోపు కోనలో ఉంటారు. ఒంగోలు నుంచైతే కనిగిరి మీదుగా సీఎస్ పురం, ఇదీ మూడు గంటల మాట. ఉదయగిరి దాటాక, అటు కనిగిరి దాటాక పెట్రోలు బంకులు పలచబడతాయి, ట్యాంకు అక్కడే నింపండి. సిగ్నల్ కూడా నమ్మదగింది కాదు, దారి మ్యాపును ముందే ఫోన్లో దింపుకోండి. బస్సు మీద ఆధారపడితే కనిగిరి లేదా పామూరు చేరి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. వెయిటింగుతో కలిపి, రానూపోనూ బేరం ముందే తెంచుకోండి. దింపి వెళ్లిపోయే ఆటో ఎక్కితే తిరుగు ప్రయాణానికి కోనలో ఆటో దొరుకుతుందన్న భరోసా లేదు.

సీతారామపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం బోర్డు కనబడుతుంది. మంచి క్షేత్రమే, కానీ పోయేటప్పుడు అటు తిరిగితే భైరవకోన పొద్దుటి వెలుతురు పోయినట్టే. వచ్చేటప్పుడు పొద్దుంటే చూసుకోండి.

పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే: పెంచలకోన

రాపూరు మండలంలో వెలిగొండల ఒడిలో ఉంది. రెండు శిలలు పెనవేసుకున్నట్టుండే రూపమే ఇక్కడ స్వామి, చెంచులక్ష్మిని కౌగలించుకున్న నరసింహుడు. పెనుశిల కోన జనం నోట పెంచలకోన అయింది. నెల్లూరు జిల్లాలో పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు ఇన్ని వినపడటానికి ఈ స్వామే కారణం. ఆదిలక్ష్మి అమ్మవారి గుడి కొంచెం దూరంగా, ఏటి అవతల విడిగా ఉంటుంది. స్వామి మీద అలిగి అటు వెళ్లిందని కథ. స్వామిని చూసి అక్కడి నుంచే తిరిగివచ్చేస్తే దర్శనం సగమే అయినట్టు.

సౌకర్యంలో నాలుగింటిలో ఇదే ముందు. నెల్లూరు నుంచి, రాపూరు నుంచి ఆర్టీసీ బస్సులు గుడి దగ్గరికే వస్తాయి, దేవస్థానం గదులున్నాయి, మెట్లెక్కే పని లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. కార్డు లేక టికెట్టు కొనుక్కోవలసి వచ్చేది బయలుదేరే తొందరలో మరిచిపోయినవాళ్లకే.

ఏది బాగుండదో కూడా చెప్పాలి. పాత శిల్పం కోసం పెంచలకోనకు వెళితే ఆశపడ్డంత దొరకదు. ఇక్కడ ఆకర్షణ స్వామి, కోన, చెట్లు, కండలేరు పుట్టే నీళ్లు. శనివారం, నరసింహ జయంతికి అటూ ఇటూ జరిగే వైశాఖ బ్రహ్మోత్సవాలప్పుడు గదులు దొరకడం కష్టం. చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం. కొండ మీది జలపాతాలకు దారి చూపిస్తామని ఎవరైనా ముందుకొస్తే అటవీశాఖ వాళ్లను అడగకుండా వెంట నడవకండి. వాన పడ్డ రోజున అసలే వద్దు. కొండ మీద కురిసిన వాన కింద మీకు తెలియదు, ఏరు పొంగాకే తెలుస్తుంది.

నడక ఏమాత్రం వద్దనుకునే ముసలివాళ్లు ఉంటే నెల్లూరు దాటి దూరం పోనక్కర్లేదు. పెన్నకు ఉత్తరపు గట్టున జొన్నవాడ కామాక్షితాయి, దక్షిణపు గట్టున నరసింహకొండ మీద వేదగిరి లక్ష్మీనరసింహుడు, నగరంలో తల్పగిరి రంగనాథుడు. కశ్యపుడి యజ్ఞం నుంచి పుట్టిన మూడు వెలుగులే ఈ మూడు క్షేత్రాలని కథ, యజ్ఞవాడే జొన్నవాడ అయింది. మూడూ ఒక్క పూటలో అయిపోతాయి. నరసింహకొండ మీదికి బండి పోతుంది. ముందు కొండ, తర్వాత జొన్నవాడ, చివర రంగనాథుడు అనుకుంటే ఎండ తప్పించుకోవచ్చు. పిల్లలు లేనివాళ్లు జొన్నవాడలో నిద్ర చేయడం పాత మొక్కు. అందుకోసం వెళ్లేవాళ్లు పూట దర్శనం లెక్కన కాకుండా రాత్రి బసకు సిద్ధపడి వెళ్లాలి.

చరిత్ర కోసమైతే: ఉదయగిరి

కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకే ఇది. సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున కొండ, దాని మీదా కిందా కోట గోడలు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి, అంటే ఇప్పటి హంపీకి తరలించి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపీలో కృష్ణాలయం చూసినవాళ్లు ఆ దేవుడి సొంతూరు ఉదయగిరి అని గుర్తుపెట్టుకోండి. కింద ఊళ్లో రంగనాయకుల గుడి, దాని మంటపాలు ఆనాటి వైభవానికి ఆనవాళ్లు. కొండెక్కలేనివాళ్లు కనీసం ఇది చూసి పోవచ్చు.

కొండ ఎక్కేవాళ్లు ముందురోజు రాత్రికే ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో బస చేయాలి. ఉదయగిరిలో గదులు తక్కువ, ముందే ఖాయం చేసుకోండి. నెల్లూరు నుంచి పొద్దున్నే వచ్చి ఎక్కుదామంటే ఎక్కడం మొదలయ్యేసరికి ఎనిమిది, సగం కొండకు నడినెత్తిన ఎండ. ఆరుకే అడుగు పెడితే తొమ్మిదిలోపు పైన ఉంటారు, పదకొండున్నరకల్లా దిగిపోవచ్చు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ సీసా ఒకటి. పైన కొనడానికేమీ దొరకదు. పట్టున్న బూట్లు వేసుకోండి, రబ్బరు చెప్పులు వదులు రాళ్ల మీద జారతాయి. మార్చి మధ్య నుంచి జూన్ చివరి దాకా ఈ కొండను తలపెట్టవద్దు. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరిగి పాత గోడల సందులు, పాడుబావులు కనపడవు, అప్పుడూ ప్రమాదమే. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఊళ్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకుని నలుగురు కలిసి వెళ్లండి.

ఉదయగిరి నుంచి ఇంటికి తేవలసింది చెక్క గరిటెలు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, కల్ది లాంటి కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని. కొనేటప్పుడు పిడి మీద వేలు నడిపి చూడండి, పీచు గుచ్చుకోకూడదు. పిడికీ గిన్నెకీ మధ్య మెడ దగ్గర కర్ర చార పొడుగునా పోవాలి. అడ్డంగా ఉంటే అక్కడే విరుగుతుంది. ఇంట్లో నీళ్లలో నానబెట్టవద్దు, కడిగి నీడన ఆరబెట్టి, నెలకోసారి కొబ్బరి నూనె గుడ్డతో తుడిస్తే ఏళ్ల తరబడి ఉంటాయి.

రెండు రోజులు దొరికితే

ఉదయగిరిని మజిలీగా పెట్టుకోండి. మొదటి రోజు మధ్యాహ్నం నెల్లూరులో బయలుదేరి సాయంత్రం రంగనాయకుల గుడి, గరిటెల దుకాణాలు చూసుకుని అక్కడే పడుకోండి. రెండో రోజు తెల్లవారి లేచి కొండెక్కడమో, భైరవకోనకు పోవడమో ఒకటే చేయాలి. రెండూ కావాలంటే మూడో రోజు కలుపుకోవలసిందే. కొండ దిగిన కాళ్లతో మధ్యాహ్నం గుహల ముందు నిలబడితే దేని మీదా మనసు నిలవదు. మాలకొండను కూడా కలపాలంటే శుక్రవారం పొద్దున భైరవకోన, రాత్రి పామూరులోనో కందుకూరులోనో బస, శనివారం తెల్లవారే మాలకొండ.

గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, వేళలు ఊరికొకటి, పండగలకు మారతాయి. పదకొండులోపు చేరేలా చూసుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు. ఎండాకాలం గుడి ఆవరణల్లో బండలు కాళ్లు కాలేంత వేడెక్కుతాయి, చెప్పులు విడిచాక వేసుకోవడానికి మందపాటి మేజోళ్ల జత ఒకటి సంచిలో పెట్టుకోండి. కోతులున్న చోట అరటిపండ్లు, కొబ్బరి చిప్పలు పలచని కవర్లో వేలాడదీసుకుని నడిస్తే లాక్కుంటాయి, గుడ్డ సంచిలో మూతి కట్టి పెట్టండి. వాన కురుస్తున్న రోజుల్లో కోనల దారిలో వాగు రోడ్డు మీదికొస్తే, అవతలి గట్టు ఎంత దగ్గరగా కనిపించినా బండి దించకండి. అలాంటి చిన్న వాగులు కొండ మీద వాన తగ్గితే కొన్ని గంటల్లో తీస్తాయి, అందాకా వెనకటి ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగండి.